ఉల్టా ఒచ్చిన బొటనవేలంత టీవీ

దిల్‌సుఖ్‌నగర్‌ల పెళ్లి వీడియోలు తీసేటాయన ఒకాయన ఉన్నడు, గోదావరి వైపు మనిషి. పాత క్యామ్‌కార్డర్ చెత్తల పడేస్తుంటే అడిగి తెచ్చుకున్న. నాకు కావాల్సింది దాని వ్యూఫైండరే. కన్ను ఆనించి చూసే ఆ గొట్టంల బొటనవేలంత బ్లాక్ అండ్ వైట్ టీవీ ఉంటది. దాన్ని మా అల్మాస్‌గూడ ఇంటి గేటు కెమెరాకు కలపాలని పట్టుబట్టిన. "కొత్తది కొనుక్కోవచ్చు గదా" అని మా ఇంటామె అన్నకొద్దీ నా పట్టు పెరిగింది.

నాలుగు ఆదివారాలకు బొమ్మ ఒచ్చింది. కానీ ఎదురింటి టులెట్ బోర్డు అక్షరాలు అద్దంల చూసినట్టు కుడి నుంచి ఎడమకు ఉన్నయి. గొట్టంల బొమ్మను మళ్ల తిప్పి సరిగ్గ చూపే చిన్న అద్దాన్ని నేనే పీకి పారేసిన, అందుకే. ఆ వీడియోలాయనకు ఫోన్ చేసి, "సార్, బొమ్మ ఉల్టా ఒస్తుంది" అన్న.

"ఓస్, అంతేనా! ట్యూబు మెడకి రెండు కాయిల్స్ ఉంటాయి, నిలువుది బొమ్మని పైకీ కిందకీ గీస్తుంది, అడ్డంది పక్కలకి. నిలువు కాయిల్ వైర్లు అటూ ఇటూ మార్చేయండి" అన్నడు.

మార్చిన. ఇప్పుడు బోర్డు తలకిందులు గూడ అయింది!

మా దిక్కు కుడి ఎడమ మారినా ఉల్టానే, కింద మీద అయినా ఉల్టానే. గోదావరి వైపు ఆయనకు ఉల్టా అంటే తలకిందులొక్కటే. కోపం ఆయన మీద కాదు, నా నోటి మీదొచ్చింది. సోల్డరింగ్ గన్ మళ్ల వేడి చేసిన. ఆ వైర్లు ముందు ఎట్ల ఉండెనో అట్లనే పెట్టి, అడ్డం కాయిల్ వైర్లు మార్చిన. బోర్డు చక్కగ చదివేటట్టు ఒచ్చింది.

ఫోన్ చేసి, "సీదా అయింది సార్" అన్న.

"ఏ వైపు సీదా అండీ?" అన్నడాయన.

ఫోన్ పెట్టేసి ఫోటో పంపిన.