చిన్నక్కకు తొడిగిన రవిక

"కొంచెం తెల్లగ చెయ్యన్నా" అనే మాట వింటే చాలు, ఇమ్మానుయేల్‌కు రోత. బుక్కరాయసముద్రంలో ఫోటో స్టూడియో పెట్టి ఇరవై ఆరేళ్ళు. పాసుపోర్టు సైజుకు వచ్చినవాడిదీ అదే మాట, పెళ్ళివారిదీ అదే మాట, చచ్చినవాళ్ళ పటం అడిగేవాళ్ళదీ అదే మాట. ఎండకు మాడి నల్లబడిన ఊరు ఊరంతా ఇళ్ళ గోడల మీద పటాల్లో, సున్నం కొట్టినట్టు తెల్లగా వేలాడుతోంది. కొట్టింది తనే. ఆ చేతులు చూసుకుంటే అన్నం సహించదు.

తనకు ప్రాణమైన పని వేరే ఉంది. అది స్టూడియో వెనక గదిలో, ఇనప్పెట్టెలో ఉంటుంది. మనుషుల ఒళ్ళు, గుడ్డలేని ఒళ్ళు. తొలకరి పడగానే వజ్రకరూరు చేలల్లో వజ్రాలు వెతికేవాళ్ళ వంగిన వీపులు, కాన్పులకు చారలు పడిన పొట్టలు. అడిగి, ఒప్పుకున్నవాళ్ళవే తీశాడు. ఈ పిచ్చి చిన్నప్పుడు ఇంట్లో సిలువ క్యాలెండరు దగ్గరే పట్టుకుంది. ఎముకలు లెక్కపెట్టగలిగే దేహం, నడుముకు ఒకే గుడ్డ. రోజూ దానికి మొక్కే నాయన జాకబ్, కొడుకు తీసిన మొదటి వీపు ఫోటో చూసి "థూ, సిగ్గులేనోడా" అన్నాడు. "మరి ఆయన?" అని క్యాలెండరు చూపిస్తే చెంప పగిలింది.

ఆ పెట్టెలో అన్నిటికన్నా మంచిది చిన్నక్క పటం. ఎనభై దాటిన ఆ అవ్వ బుద్ధెరిగి రవిక తొడిగింది లేదు. వానల్లేక ఎద్దుల్ని అమ్ముకున్న ఏడు, ఆమే, సావాసగత్తె ఆంజినమ్మా కలిసి ఎద్దులకు బదులు తామే చేలో గుంటక లాగారు. తాడు కోసిన చోట చిన్నక్క ఎడమ భుజం కాయగాచి, మచ్చ మిగిలింది. ఫోటోకు కూర్చున్నప్పుడు కొంగు నడుముకు దించి, ఆ భుజాన్నే ముందుకు పెట్టింది.

"కష్టం చేసిన ఒళ్ళురా అబ్బీ, దాపరికం ఎందుకు? నేను పోయినాక ఈ పటమే పెట్టల్ల. రవిక తొడిగినావంటే ఊరుకోను."

"తొడగనవ్వా" అన్నాడు ఇమ్మానుయేల్.

ఆమె పోయిన నాలుగోనాడు మనవడు తిప్పేష్ వచ్చాడు. ఇమ్మానుయేల్ పెట్టెలోంచి తీసిచ్చిన పటం చూసి మొహం తిప్పుకున్నాడు.

"ఇదేందన్నా! దినానికి మా అత్తగారోళ్ళు వస్తాండారు. పచ్చ పట్టు రవిక తొడుగు. మెడలో కాసులపేరు ఎయ్యి. కొంచెం తెల్లగ చెయ్యి."

"మీ అవ్వ వద్దనిందప్పా."

"చచ్చినోళ్ళకేం తెలుస్తాది? చేస్తావా, లేకుంటే ఆడోళ్ళ గుడ్డలిప్పి ఫోటోలు తీస్తాండావని ఊరంతా చెప్పల్నా? ఆ పెట్టె తెచ్చి నడిబజార్లో బోర్లిస్తా."

పెట్టెలో ఇంకా పన్నెండుమంది ఆడవాళ్ళున్నారు, తనను నమ్మి కూర్చున్నవాళ్ళు. వాళ్ళకోసమేనని మనసుకు సర్దిచెప్పుకున్నాడు గానీ, అసలు భయం తన పరువు గురించే. ఆ సంగతి తనకూ తెలుసు. కంప్యూటరు ముందు కూర్చుని ఏ పెళ్ళికూతురిదో రవిక తెచ్చి అతికించాడు, కాసులపేరు వేశాడు, ముఖానికి సున్నం కొట్టాడు. అంతా కలిపి పదినిమిషాల పని. అంత సులువుగా అయిపోయినందుకు తన మీద తనకే మరింత రోత పుట్టింది.

దినం నాడు పటానికి పెద్ద దండ వేశారు. వచ్చినవాళ్ళంతా "ఎంత కళగుండాదో" అంటున్నారు. ఎదురుగా విస్తరి ముందు కూర్చున్న ఇమ్మానుయేల్ మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అప్పుడొచ్చింది ఆంజినమ్మ, కర్ర పొడుచుకుంటూ. ఆమెకూ రవిక లేదు. పటం దగ్గరికంటా పోయి, భుజం ఉన్నచోట వేలితో తడిమింది.

"ఏమప్పా, ఎవురిదీ పటం?"

"చిన్నక్కదే అవ్వా" అన్నాడు ఇమ్మానుయేల్.

"కాదు. దాని బుజం నాకు తెల్దా? ఇట్లుంటాది." కొంగు పక్కకు జరిపి తన కుడి భుజం చూపింది. అదే తాడు కోసిన మచ్చ. "పటాలు తీసేది నువ్వే గదా. నాదన్నా సరిగ్గ తియ్యి నాయనా. నాకు మాత్రం రవిక తొడగొద్దు."

తొడగనవ్వా అనబోయాడు. చిన్నక్కకూ ఆ మాటే చెప్పాడు. నోట్లోని ముద్ద పక్కకు ఉమ్మి, చేయి కడుక్కోవడానికి లేచాడు.