యాభై రోజుల లెక్క

నా భార్య పోయిన నాలుగో నెలలో కంపెనీ నన్ను శిక్షణకు జపాన్ పంపింది. తడ దగ్గర నేను పనిచేసే ఫ్యాక్టరీ జపాన్ వాళ్ళదే. మా కొడవలూరు వైపు, ఇంట్లో చావు జరిగితే ఏడాది తిరిగేదాకా గుడి గడప తొక్కరు. ఆ నాలుగు నెలలూ నన్ను ఎవరూ ఏ శుభకార్యానికీ పిలవలేదు. పిలవకపోవడమే మర్యాద. ఎవరికీ ఏమీ తెలియని చోట ఒక్క పూట మామూలు మనిషిగా తిరగాలని ఉండేది.

ఒక ఆదివారం మా శిక్షకుడు ఒక పాత షింటో గుడికి తీసుకుపోయాడు. షింటో అంటే జపాన్ వాళ్ళ సొంత మతం, బౌద్ధం కంటే ముందుది. నాతో వచ్చిన తోటి ఉద్యోగి చర్చికి పోయే మనిషి. “చూసేదానికే అన్నా, మొక్కేదానికి కాదు” అని దారంతా చెప్పాడు.

గుడి ముందు రంగు వేయని కొయ్య ద్వారం, తలుపుల్లేవు. లోపల విగ్రహం ఉండదట. చేతులూ నోరూ కడుక్కోవడానికి నీళ్ళ తొట్టి ఉంది. దారి మధ్యలో నడవకూడదు, అది దేవుడిది. కడుక్కోవడం, దేవుడికి దారి వదలడం నాకు కొత్తగా అనిపించలేదు.

ద్వారం దగ్గర శిక్షకుడు ఆగి వివరించాడు. ఈ గుడి పుట్టిన బిడ్డలకు, పెళ్ళిళ్ళకు. చావు పనులు బౌద్ధుల గుళ్ళు చూసుకుంటాయి. మైల ఉన్నవాళ్ళు ఇక్కడికి రారు.

నా సంగతి చెప్పాను. ఆయన నడుము వంచి, ఎన్నాళ్ళయిందని అడిగాడు. నాలుగు నెలలంటే ముఖం తేటపడింది. యాభై రోజులు దాటితే చాలట, రావచ్చట.

“ఇంకేందన్నా, వీసా వచ్చేసింది. పద” అన్నాడు తోటి ఉద్యోగి.

కృష్ణపట్నంలో ఉన్న అక్కకు ఫోన్ చేశాను.

“యాడుండావురా?”

“గుడి ముందర.”

“పోబాకు.”

“జపానోళ్ళదక్కా. ఈడ యాభై రోజులే.”

“యాభై రోజులకే అయిపోద్దా వాళ్ళకి?” అని అడిగింది. వాదన కాదు, నిజంగానే అడిగింది.

“అంతేనంట.”

“సరే, నీ ఇష్టం. చెప్పులు జాగ్రత్త.”

యాభై రోజులప్పుడు నేనేం చేస్తున్నానో గుర్తు తెచ్చుకున్నాను. గ్యాస్ కనెక్షన్ నా భార్య పేరు మీద ఉంది. ఏజెన్సీ నుంచి ఫోన్ చేసి మేడమ్ ఉన్నారా అంటే, స్నానానికి పోయిందని చెప్పాను.

మీరు పోయి రండని వాళ్ళిద్దరినీ పంపి, ద్వారం బయట బెంచీ మీద కూర్చున్నాను.

అరగంటకు తోటి ఉద్యోగి తిరిగొచ్చాడు. “లోపల అందరి మాదిరే రెండుసార్లు చప్పట్లు కొట్టినా. అది మొక్కడం కాదు గదన్నా?”

కాదన్నాను.

ఏడాది తిరగడానికి నాకు ఇంకా ఎనిమిది నెలలున్నాయి.