నీళ్ళు పోసి చల్లార్చిన జాయింటు

నేను ఓడిపోయిన వాదనలు గుర్తులేవు. గెలిచిన వాదన ఒకటి మాత్రం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పెద్దారవీడు వైపు ఒక ఊరికి తాగునీటి పైపులైను వేస్తున్న రోజులవి. నల్లటి ప్లాస్టిక్ పైపుల కొసలను కాలే పలకకు ఆనించి కరిగించి, పలక తీసేసి, ఒకదానికొకటి నొక్కి అతికించడం నా పని. పక్కవాడు చేస్తుంటే చూసి నేర్చుకున్నాను. మార్కాపురంలో శిక్షణకు పొమ్మని కాంట్రాక్టరు అంటే, "కరిగించి నొక్కేదానికి బడెందుకన్నా?" అని నవ్వాను. దేవుడికైనా రుజువు అడిగేవాణ్ణి, నా చేతిపనికి అడగలేదు.

మొదటి జాయింటుకు ముత్తైదువ చేత మిషను స్విచ్ వేయించాలన్నారు ఊరి పెద్దలు. నేను కుదరదన్నాను. మాకు దూరం నుంచి మంచినీళ్ళు మోసుకొచ్చే అక్కను పిలిచాను. ఆమె భర్త పోయి చాలా ఏళ్ళయింది.

"నాకొద్దు నాయనా. రేపేమన్నా అయితే నన్నంటారు."

"కరెంటుకు నీ బొట్టుతో ఏం పనక్కా?"

పెద్దల నోళ్ళు మూయించేదాకా వాదించాను. ఆమె భయపడుతూనే స్విచ్ వేసింది.

అతికిన జాయింటును బిగింపులోనే ఉంచి, దానంతట అదే చల్లారనివ్వాలని అనేవాళ్ళు. ఆ ఎండలో ఎవరు కాచుకుంటారు? ఆమె బిందెలోని నీళ్ళు చెంబుతో ముంచి పోశాను. మేమందరం అట్లే చేసేవాళ్ళం.

"తాగే నీళ్ళు పారబోస్తివే," అంది అక్క.

నీళ్ళు వదిలిన నాడు, ఊరంతా చూస్తుండగా ఆ జాయింటే విడిపోయింది.

"మొగుడు పోయినామె చెయ్యి తగిల్తే ఇంగేమైతాది?" అన్నాడు ఒక పెద్దాయన.

ప్లాస్టిక్‌కు వైధవ్యం తెలియదని ఆయనమీద విరుచుకుపడ్డాను.

"అట్లయితే ఎందుకిడిసింది, నువ్వే చెప్పు."

పైపు నాసిరకమన్నాను. నిజానికి నాకు కారణం తెలియదు. తెలియదని ఒప్పుకోవడం నాకు చేతకాలేదు.

లైను బాగుచేశారు. ఆ తర్వాత ఆ అక్కను పెళ్ళిళ్ళలో వంటలకు నీళ్ళు మోయడానికి కూడా ఎవరూ పిలవలేదు.

మరుసటి ఏడు, సర్టిఫికెట్ లేకపోతే పని లేదంటే శిక్షణకు పోయాను. నేర్పే ఆయన రెండు జాయింట్లను బద్దలుగా కోసి వంచాడు. గడియారం చూసి చల్లార్చినది ఎంత వంచినా విడవలేదు. నీళ్ళు పోసినది అతికిన చోటే టక్కున విరిగింది.

"పైన గట్టిపడితే లోపల కూడా అతికిందనుకుంటారు," అన్నాడాయన.

ఆ ఆదివారమే ఊరికి పోయి అక్కకు చెప్పాను. మేకలకు ఆకు వేస్తూ విన్నది.

"నాకెందుకు చెప్తావు నాయనా? నా చేతిలో ఏం దోషం లేదని నాకు తెలుసు. వాళ్ళకు చెప్పు."

ఆ రోజు ఆ మాటన్న పెద్దాయన తన అరుగు మీదే ఉన్నాడు. తప్పు నాదేనని, నీళ్ళు పోయడం వల్లే విడిపోయిందని వివరంగా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"ఆమెను ఎనకేసుకొచ్చేదానికి ఆ పొద్దు పైపును తిడితివి, ఇప్పుడు నిన్ను నువ్వే తిట్టుకుంటాండావు," అన్నాడు. "మంచోడివేలే. కూచో, టీ తాగి పో."