తోడల్లుడి జంట డిస్కులు

మొన్న దేశ రాజధాని పక్కన ఇందిరాపురంలో మా అమ్మాయి తన ఎడిటింగ్ కంప్యూటర్‌కి డిస్కు కొనబోతూ, ఫోనులో రెండు బొమ్మలు చూపించి, "డాడీ, దోనోఁ ఫాస్ట్ హైఁ, కౌన్‌సీ లూఁ?" అని అడిగింది. రెండూ వేగమైనవే అయితే ఇక ఎంచుకునేదేముంది అని పైకి అన్నాను గాని, మా తోడల్లుడు గుర్తొచ్చి, ఇన్నేళ్ల తర్వాత కూడా కడుపు భగ్గుమంది.

మేమిద్దరం పెళ్లి వీడియోలు తీసి, ఎడిట్ చేసి బతికేవాళ్లం. నేను మునిర్కాలో, అతను వైశాలిలో. మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో హార్డ్‌డిస్కు కొనడమంటే వేగమో భద్రమో ఒకటే దక్కేది. నేను నిదానంగా తిరిగేవి రెండు కొని, ఒకదానిలో ఉన్నదే రెండోదానిలోనూ దాచేవాణ్ణి. అతను గిర్రున తిరిగేవి రెండు తెచ్చి, ఒక్కో పెళ్లినీ చిన్నచిన్న ముక్కలు చేసి, దీనిమీదొకటి దానిమీదొకటి పరిచి, ఒకే డిస్కులా నడిపేవాడు. నేను నెలపాటు ఈడ్చే పని వారంలో ఇచ్చేసేవాడు. మా అత్తగారు నా కంచంలో పప్పు వడ్డిస్తూ కూడా రెండో అల్లుడి చురుకునే మెచ్చుకునేవారు. ఆ పప్పు నాకు అరిగేది కాదు.

అందుకే ఆఖరి మరదలి పెళ్లి వీడియో అయినా నాకు దక్కుతుందని ఆశపడ్డాను. అత్తగారు అతనికే ఇచ్చారు. "టెన్షన్ మత్ లో, కంగారుపడకండి అన్నయ్యా, మీరు హాయిగా భోంచెయ్యండి" అన్నాడతను. ఒళ్లు మండి, నా పాత కెమెరా పట్టుకుని ఓ మూల నిలబడి, ఎక్కడ తప్పు చేస్తాడా అని పెళ్లంతా అతన్నే తీశాను.

తప్పు తర్వాత జరిగింది. డిస్కులోకి ఎక్కించగానే అవే టేపుల మీద మరో పెళ్లి తీసేయడం మా వృత్తిలో అందరి అలవాటే, అతనూ తీసేశాడు. ఆ వారమే జంటలో ఒక డిస్కు చెడిపోయింది, మిగిలిన అతుకులేని ముక్కలతో రెండోదీ ఎందుకూ కొరగాలేదు. ఇక ఆ పెళ్లికి ఆనవాలు నా టేపే. నా రోజొచ్చిందని అందరినీ కూర్చోబెట్టి వేశాను. తలంబ్రాల వేళ పెళ్లికూతురు ఓ అంచున, నట్టనడుమ చెమటలు కక్కుతూ తోడల్లుడు! అత్తగారు కళ్లొత్తుకుని, "పాపం, మా రెండో అల్లుడు ఎంత కష్టపడ్డాడో చూశారా!" అన్నారు.

అతను పోయి చాలాకాలమైంది. ఊరందరినీ తీసినవాడు ఎవరి వీడియోలోనూ లేడు, నా టేపులో తప్ప. అతని భార్య వచ్చినప్పుడల్లా అదే వేయించుకుని చూస్తుంది. పక్కన కూర్చుని నేనూ చూస్తాను, ఆ చురుకుకి మళ్లీ కుళ్లుకుంటాను. ఇప్పుడు వేగం ప్రతివాడి చేతిలోనూ ఉంది గాని, అంత మనసారా కుళ్లుకోవడానికి నాకు ఇంకో మనిషి దొరకలేదు.