బేస్‌మెంట్‌లో అరవై రెండు శాతం

షికాగో శివారు నేపర్‌విల్‌లో మా స్నేహితుల వాట్సాప్ గ్రూప్‌కి ప్రతి శుక్రవారం సాయంత్రం ఒక ప్రివ్యూ రాసి పంపుతాను. మర్నాడు యూరప్‌లో జరగబోయే క్లబ్ ఫుట్‌బాల్ మ్యాచ్‌ల్లో ఒకటి ఎంచుకుని, ఎవరు గెలిచే అవకాశం ఎంతో లెక్కగట్టి చెప్తాను. గ్రూప్‌లో కొందరు అది చూసి ఫోన్‌లో పందెం కాస్తారు. నేను కాయను. లెక్క సరిపోతుందా లేదా అన్నదే నాకు ఆట.

ఈ విద్య నాకెవరూ నేర్పలేదు. ఆఫీసులో నా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. లైబ్రరీ పుస్తకాలు, ఒక ఎక్సెల్ షీట్, కాస్త ఓపిక, అంతే. సొంత మైదానంలో ఒక జట్టు ఎన్ని గోల్స్ వేస్తోంది, బయటికెళ్ళినప్పుడు ఎదుటి జట్టు ఎన్ని ఇచ్చేస్తోంది, వారం మధ్యలో ఇంకో మ్యాచ్ ఆడి అలిసిపోయారా, గోల్‌కీపర్‌కి దెబ్బేమైనా తగిలిందా... ఇవన్నీ కలిపి, తీసేసి, చివరికి ఒక శాతం దగ్గర ఆగుతాను.

ఆ వారం ఒక ఇటలీ క్లబ్‌కి అరవై రెండు ఇచ్చాను.

శనివారం ఉదయం మ్యాచ్ చూడ్డానికి, రోజూ నాతో షికాగో ట్రైన్ ఎక్కే మిత్రుడి ఇంటికి వెళ్ళాను. కరీంనగర్ వైపు మనిషి, నాకంటే బాగా చిన్న. వాళ్ళ బేస్‌మెంట్ ఇంకా ఉత్త సిమెంటు నేలే. అక్కడే టీవీ, మడత కుర్చీలు, ఒక క్యారమ్ బోర్డు. ఆ ఏడాది వచ్చిన బోనస్‌తో దాన్ని బాగుచేయించాలని భార్యాభర్తలు అనుకున్నారని నాకు తెలుసు.

నేను కూర్చోగానే అతను మెట్ల వైపు చూసి గొంతు తగ్గించాడు.

"అన్నా, ఈసారి బోనస్ మొత్తం ఈ మ్యాచ్ మీదనే పెడుతున్నా. ఆట షురూ గాకముందే పందెం కొట్టేస్త."

"మొత్తమా! ఎందుకయ్యా?"

"నువ్వే కదన్నా అరవై రెండు ఇచ్చినవ్. ఫస్ట్ క్లాస్!"

నవ్వబోయి ఆగాను. అతను నిజంగానే అంటున్నాడు. మా గ్రూప్‌లో డ్రా మీద ఒక్కరూ ఎందుకు కాయరా అని ఎన్నాళ్ళుగానో ఆలోచిస్తున్నాను. డ్రాకి నేను ఇరవై ఐదు చుట్టుపక్కల ఇస్తాను. అది పాస్ మార్కులు కూడా కాదు! ముప్పై ఐదుకి పాస్, అరవైకి ఫస్ట్ క్లాస్, డెబ్బై ఐదుకి డిస్టింక్షన్ అంటూ పెరిగినవాళ్ళం. నా శాతాల్ని వీళ్ళు మార్కుల్లా చదువుతున్నారు. ఫస్ట్ క్లాస్ వచ్చినవాడు మళ్ళీ ఫెయిలవడం ఎక్కడైనా ఉందా?

మాటలతో వినేలా లేడు. క్యారమ్ కాయిన్లలోంచి ఆరు తెల్లవి, నాలుగు నల్లవి తీసి ఒక స్టీలు గిన్నెలో వేశాను.

"చూడకుండా ఒకటి తియ్యి. తెల్లదైతే నీ టీమ్ గెలిచినట్టు."

తెల్లది వచ్చింది.

"మళ్ళీ లోపల వేసి తియ్యి."

తెల్లదే. మూడోసారీ తెల్లదే.

"ఏందన్నా, నన్ను ఆపుతున్నవా, ఎగదోస్తున్నవా?"

అలాంటి గిన్నెలోంచి వరసగా మూడు తెల్లవి రావడం పెద్ద వింతేమీ కాదు. కానీ ఆ సమయంలో ఆ సంగతి చెప్తే అతని పక్షాన వాదించినట్టే ఉంటుంది.

అప్పుడే అతని భార్య ఇడ్లీ ప్లేట్లతో మెట్లు దిగింది. "ఏం ఆట అన్నయ్యా ఇది?"

"తెల్లది వస్తే మీ ఆయన టీమ్ గెలుస్తుందమ్మా."

"నల్లది వస్తే?"

నేను అతని వైపు చూశాను. అతను టీవీ వైపు చూశాడు.

"నిన్నే అడుగుతున్నా. నల్లది వస్తే ఏమైతది?"

"బేస్‌మెంట్..." అన్నాడు, నేలకి చెప్తున్నట్టుగా.

ఆవిడ ప్లేట్లు పెట్టి గిన్నెలోకి తొంగి చూసింది. ఒక్క కాయిన్ కూడా తియ్యలేదు. "నాలుగున్నయి గదా!" అని, చెయ్యి చాపింది. "ఫోన్ ఇటియ్యి."

పందెం ఆవిడే కాసింది. గెలిస్తే ఒక పూట పిజ్జా ఖర్చు వచ్చేంత.

ఇటలీ జట్టు గెలిచింది, అదీ సునాయాసంగా. ఆఖరి గోల్‌కి అతను లేచి గంతేశాడు. కాళ్ళు నేలకి ఆనేసరికి సంగతి గుర్తొచ్చి కూలబడ్డాడు. "మొత్తం పెట్టుంటే హోమ్ థియేటర్ గూడ వస్తుండె."

"పిజ్జా వచ్చింది, తిను," అంది ఆవిడ.

ఆ ఉదయం గిన్నె, మైదానం, రెండూ నాకు ఎదురు సాక్ష్యమే చెప్పాయి. అయినా నేను చెప్పింది తప్పని అనిపించలేదు. అది చూపించే దారే దొరకలేదు. రాని నల్ల కాయిన్‌ని ఎవరికని చూపిస్తాం?

గరాజ్ మెట్టు మీద కూర్చుని బూట్లు వేసుకుంటుంటే అతను వెనకే వచ్చాడు.

"అన్నా, ఒక్క మాట. టీమ్ ఓడిపోయుంటే ఇప్పుడు నీకు దండం పెడుతుంటి కదా?"

"పెట్టేవాడివే."

"గెలిచిందని తిట్టుకుంటున్న."

"తిట్టుకో."

"గానీ రెండిట్ల మనం చేసిన పని ఒక్కటే గదన్నా. మరి అది మంచిదో చెడ్డదో ఎట్ల తెలుస్తది?"

రెండో బూటు పక్కన పెట్టాను. "ఒక్క మ్యాచ్‌తో తెలీదు," అన్నాను.

"మరెన్ని మ్యాచ్‌లు కావాలె?" అంటూ వచ్చి మెట్టు మీద నా పక్కన కూర్చున్నాడు.