కూలర్‌కి నీళ్లు పట్టిన మనిషి

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. భిలాయిలో పిల్లలకి లెక్కలు చెప్పి బతికినదాన్ని. ఎవరైనా గాలీ ధూళీ అంటే వాళ్లని ఆటపట్టించి ఏడిపించేదాన్ని. పైగా నేను చెప్పబోయేది చనిపోయినవాళ్ల సంగతి కాదు. ఆ మనిషి ఇప్పుడు పక్క గదిలో గుర్రు పెట్టి నిద్రపోతున్నారు. ఆయన మావారే.

తొంభైల చివర్లో మాట ఇది. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తారుమారైపోతాయని, వాటిని సరిచేసేవాళ్లు కావాలని అమెరికావాళ్లు వీసాలిస్తున్న రోజులు. స్టీల్ ప్లాంట్‌లో కంప్యూటర్ పని చేసే మావారికీ వచ్చింది. అప్పటికి మా పెళ్లయి ఏడాది కూడా కాలేదు. "ఎంతలోకి, నువ్వూ వచ్చేస్తావు" అని చెప్పి వెళ్లారు. నేను భిలాయిలోనే, వైశాలి నగర్‌లో అద్దె ఇంట్లో ఒక్కదాన్నీ ఉండిపోయాను.

తీరా నా వీసా ఆగిపోయింది. ఎందుకో ఇప్పుడు చెబితే నవ్వొస్తుంది. ఆయన పేరు సూర్యారావు. చిన్నప్పుడు భిలాయి బడిలో హిందీ గుమాస్తా ఆ పేరుని రెండు ముక్కలు చేసి, పేరు సూర్య, ఇంటిపేరు రావు అని రాసి పారేశాడు. పాస్‌పోర్టులోకీ అదే ఎక్కింది. నా పాస్‌పోర్టులో మాత్రం మా అసలు ఇంటిపేరు, పొట్నూరు. మద్రాసులో వీసా కిటికీ అవతలి దొర, రావు గారి భార్య పొట్నూరు ఎలా అవుతుందని అడిగాడు. మా శ్రీకాకుళం వాళ్లకి రావు ఇంటిపేరు కాదు మహాప్రభో అని ఎంత మొత్తుకున్నా వినిపించుకోలేదు. కాగితాలు వెనక్కి తోసేశాడు.

రైల్లో వస్తున్నంతసేపూ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆయన మీద నాకు మామూలు బెంగ కాదు. ఆయన విడిచిన చొక్కా ఒకటి ఉతక్కుండా దాచుకున్నాను, ఇంకేం చెప్పను!

అది మే నెల. ఎండలు మండిపోతున్నాయి. అక్కడ ప్రతి ఇంటి కిటికీకీ బయట రేకు కూలర్ ఉంటుంది. తొట్టి బయట, స్విచ్చి లోపల. మధ్యాహ్నం పూట ఆయన బయటికెళ్లి పైపుతో నీళ్లు పట్టేవారు. నిండగానే రేకు మీద రెండు దెబ్బలు వేసి "రవణా, పంపు!" అని అరిచేవారు. నేను లోపల కూలర్ పంపు స్విచ్చి వేసేదాన్ని. ఆయన వెళ్లాక ఆ కూలర్‌ని ముందు కిటికీ నుంచి పెరటి కిటికీకి మార్పించాను. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. ఫోన్‌లో దొరికే నాలుగు నిమిషాల్లో కూలర్ కబుర్లెవరికి కావాలి?

మద్రాసు నుంచి వచ్చిన మర్నాడు మధ్యాహ్నం, నీళ్లు పట్టే ఓపిక లేక ఆ వేడిలోనే పడుకున్నాను. మగతగా ఉంది. రేకు మీద రెండు దెబ్బలు వినిపించాయి. "రవణా, పంపు!" అన్న కేక. కళ్లు తెరవకుండానే చెయ్యి చాచి స్విచ్చి వేశాను. చల్లటి గాలి మొహానికి తగిలింది. ఎంత హాయి అనిపించిందో! మళ్లీ నిద్రలోకి జారిపోయాను.

సాయంత్రం లేచి చూస్తే తొట్టి నిండా నీళ్లు. పైపు పెరట్లో పరిచి ఉంది, కింద మట్టి తడిసి ఉంది. పక్కింటి పిన్ని పట్టి ఉంటుందిలే అనుకున్నాను. ఇంతలో ఆవిడే గోడ మీంచి తొంగిచూసి కయ్యానికొచ్చింది.

"ఏటే పిల్లా, అల్లుడుగారొచ్చినారని మాటైనా చెప్పనేదు! లుంగీ కట్టుకుని కూలర్ కాడ నీళ్లు పడతన్నారు. నమస్తే అంటే పలకనేదు. అమెరికా ఎల్లొచ్చినారని అంత పొగరేటి?"

"ఆయన రాలేదు పిన్నీ."

"హట్! నా కళ్లు పోయినాయేటి?"

మర్నాడు పొద్దున్నే పిన్ని వాళ్లింటికి ఆయన ఫోన్ వచ్చింది. వీసా సంగతి ఎలా చెప్పాలా అని నేను నీళ్లు నములుతుంటే, ఆయనే ముందు అడిగారు.

"కూలర్ పెరట్లోకి ఎందుకు మార్చావు?"

ఆ సంగతి మీకెవరు చెప్పారని అడిగాను. తెల్లవారుజామున కల వచ్చిందన్నారు. మన మధ్యాహ్నం వాళ్లకి తెల్లవారుజామే. కలలో తను నీళ్లు పడుతుంటే పిన్ని నమస్తే చెప్పిందట. బదులు చెబుదామంటే గొంతు పెగల్లేదట.

పేర్లు సరిచేయించుకుని మళ్లీ వెళితే వీసా ఇచ్చారు. అమెరికాలో చాలా ఏళ్లే ఉన్నాం. ఆ కల మాట నేనెప్పుడెత్తినా ఆయన ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవారు. ఈమధ్యే, ఎందుకో తనంతట తనే చెప్పారు. ఆ తెల్లవారుజామున ఆయన ఎంతకీ లేవకపోతే గదిలో ఉండేవాళ్లు కుదిపి, మొహాన నీళ్లు కొట్టి, చివరికి అంబులెన్స్ పిలిచారట. అప్పటికే ఒళ్లు చల్లబడిపోయిందట. ఆస్పత్రిలో ఏ జబ్బూ తేల్చలేకపోయారట.

"నువ్వు పంపు వేశాక కిటికీ దగ్గరే నిలబడ్డానే," అన్నారు. "లోపలికి రండి అంటావేమోనని చూశాను. అంటే వచ్చేసేవాణ్ణి. తిరిగి అమెరికాలో ఆ మంచం మీదికి వెళ్లాలని లేదు నాకు."

ఆ రోజుల్లో గుమ్మం దగ్గర పిల్లి కదిలినా "వచ్చారా, రండి" అని లేచి కూర్చునేదాన్ని నేను. అలాంటిది ఆయన గొంతే వినబడితే, ఆ ఒక్క మాటా అనకుండా ఎలా ఊరుకున్నానో, ఆ క్షణాన నా నోరు ఎవరు మూశారో, ఇప్పటికీ నాకు తెలియదు.