రోలుకు జుట్టు మొలిపించిన మార్తమ్మ

కొడకండ్ల మార్తమ్మ మందు ఒకసారి చెయ్యి జారి పెరట్లోని రుబ్బురోలు మీద ఒలికింది. వారం తిరిగేసరికి రోలుకు జుట్టు మొలిచింది. తాతలనాటి నున్నటి రోలు, ఆ వయసులో ఒత్తుగా జుట్టు పెంచుకుని కూర్చుంది. పిండి రుబ్బాలంటే ముందు దానికి పాపిట తీయాల్సి వచ్చేది. ఒక బట్టతల పంతులు ఆ రోలు అదృష్టానికి కుళ్లిపోయి అన్నం మానేశాడని కూడా అంటారు. నమ్మనివాళ్లు వెళ్లి చూసుకోవచ్చు, రోలు అక్కడే ఉంది. కాకపోతే వానాకాలంలో వెళ్లాలి. ఎండాకాలం ఆ జుట్టు రాలిపోతుంది.

అంతటి హస్తవాసి ఉన్న మార్తమ్మ, ఒక్క మాట నోటి నుంచి రాక, ఒక పడుచు పిల్లగాణ్ని చావు గడప దాకా పంపింది. ఆ కథ ఇది.

ఆమె వైద్యం ఒకే ఒక్క జబ్బుకు, పేనుకొరుకుడుకు. తలలోనో గడ్డంలోనో రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు ఊడిపోయి నున్నగా మెరుస్తుందే, అది. తండ్రి రాజయ్య దగ్గర నేర్చుకుంది. రాజయ్య పోయేముందు కూతురి చేతిని బైబిల్ మీద పెట్టించి ప్రమాణం చేయించాడు. "పేరు చెప్పకు బిడ్డా. పేరు బయటపడ్డ నాడే మందు గుణం సచ్చిపోతది" అన్నాడు. ఆ రోజు నుంచి మార్తమ్మ ఆ మందులో పడే అసలు గింజ పేరు పలకలేదు. మొగుడికి చెప్పలేదు, కన్నబిడ్డలకు చెప్పలేదు. గింజ చూస్తే ఎవరైనా గుర్తుపడతారని తలుపు వేసుకుని దాని తోలు ఒలిచేది. లోపలి తెల్లటి పప్పును గుంటగలగరాకు పసరుతోను పుట్టమన్నుతోను కలిపి నూరేది. పసరు ఆకుపచ్చగా కనబడుతుంది కనుక చూసినవాళ్లందరూ అది ఆకు మందే అనుకునేవారు.

పక్కింటి బుచ్చమ్మ ఆ గుట్టు కోసం ఏళ్ల తరబడి చెయ్యని ప్రయత్నం లేదు. గోడ మీది నుంచి తొంగిచూసింది, చాయ పోసి అడిగింది, అలిగి మాట్లాడటం మానేసి మళ్లీ మాట్లాడి అడిగింది. దక్కలేదు.

ముందు మార్తమ్మ తన చేత్తోనే రాసేది. పేరు పాకిన కొద్దీ భూపాలపల్లి బొగ్గుబావుల వాళ్లు, గూడూరు తండాల రైతులు రావడం మొదలైంది. అంతదూరం నుంచి రోజూ ఎవరొస్తారు? వాళ్ల కోసం మందును చిన్న చిన్న ఉండలు చేసి ఎండలో ఆరబెట్టి ఇచ్చేది. "సానరాయి మీద నీళ్లతోని అరగదీసి రాయుండ్రి" అని చెప్పేది. నోట్లో వేసుకోవద్దని మాత్రం చెప్పేది కాదు. అలా చెబితే, ఎందుకు, అందులో ఏముందని అడుగుతారు కదా.

ఆ ఉండలు చూడ్డానికి అచ్చం మింగే గోలీల్లాగే ఉండేవి.

జనగామ బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే శ్రీపాల్‌కు గడ్డంలో ఎడమ పక్కన పేనుకొరుకుడు వచ్చింది. నిశ్చితార్థం దగ్గర పడింది. పెళ్లిపిల్ల స్రవంతి వీడియో కాల్ చేసినప్పుడల్లా ఫోను ఒక పక్కకే పట్టుకునేవాడు. కాబోయే మొగుడికి రెండో చెంప అసలుందా లేదా అని ఆ పిల్లకు అనుమానం వచ్చేదాకా పోయింది వ్యవహారం. మార్తమ్మ దగ్గరికొచ్చి ఉండలు పట్టుకుపోయాడు.

కొద్దిరోజులకు, ఒక పొద్దున మార్తమ్మ పొయ్యి మీద చాయ పెట్టుకుంటుంటే శ్రీపాల్ అక్క రూప ఫోన్ చేసింది.

"అవ్వా, తమ్ముడికి రాత్రి వాంతులైనయి. దవాఖానకు తెచ్చినం. ఇప్పుడు మంచిగున్నడు, ఇడ్లీ గూడ తిన్నడు. డాక్టరమ్మ జరసేపైతే ఇంటికి పంపిస్తా అన్నది. గని నాకొక్కటి చెప్పు, మిగిలిన ఉండలు నీళ్లల్ల మింగాల్నా, మజ్జిగల మింగాల్నా?"

మార్తమ్మ చేతిలోని పట్కారు జారి పొయ్యిలో పడింది.

"మింగుడేంది?"

"నిన్న మజ్జిగతోని మింగిండు. పైన రాస్తే నెల పడితే, లోపటికి పోతే వారంల మొలవదా అని వాని తెలివి."

"అది మింగే మందు కాదు బిడ్డా!"

"అయ్యో! అయితే డాక్టరమ్మకు చెప్తా. ఏంది అవ్వా అది, ఏం మందు?"

ఇక్కడ చెబితే అయిపోయేది. మార్తమ్మ నోరు తెరిచింది. మాట గొంతు దాకా వచ్చి, తండ్రి చెయ్యి అడ్డం పెట్టినట్టు అక్కడే ఆగిపోయింది. దానికి బదులు ఇంకో మాట బయటికొచ్చింది.

"గుంటగలగరాకు."

అబద్ధం కాదు. అందులో ఆ ఆకు ఉంది. అవతల రూప నిమ్మళంగా ఊపిరి వదిలింది. "ఓ, గదేనా! మా అమ్మ నూనెల గదే ఏసి కాస్తది" అని ఫోన్ పెట్టేసింది.

చాయ పొంగి పొయ్యి ఆరింది. మార్తమ్మ కళ్ల ముందుకు ఒక మేకపిల్ల వచ్చింది. చిన్నప్పుడు, తండ్రి నూరే రాతికి అంటుకున్న ముద్దను ఆ మేకపిల్ల నాకింది. ఆ రోజంతా చెంగుచెంగున గెంతింది. మర్నాడు విరేచనాలు పట్టుకుని పడిపోయింది, సాయంత్రానికి పోయింది. రాజయ్య ఎవరికీ చెప్పకుండా కంచె పక్కన పూడ్చాడు. ఇప్పుడు మంచిగున్నడు అని రూప అన్న మాట మార్తమ్మ చెవిలో తిరుగుతోంది. మేకపిల్ల కూడా మంచిగానే ఉండింది.

మళ్లీ ఫోన్ చేసింది. రూప ఫోను స్విచాఫ్. రాత్రంతా దవాఖానలో ఉన్న ఫోను, ఛార్జింగు అయిపోయి ఉంటుంది. ఇంకెవరి నంబరూ తెలియదు. మార్తమ్మ మిగిలిన ఉండల మూట కొంగులో కట్టుకుని, తలుపు కూడా సరిగా వేయకుండా బస్సు కోసం ఉరికింది.

బస్సులో బుచ్చమ్మ ముందే కూర్చుని ఉంది. కూతురింటికి పోతోంది. "ఏంది మార్తక్కా, గట్ల ఉరికొస్తున్నవ్? పెండ్లిపిల్లకు మీసమొచ్చిందా ఏంది?" అంది. కండక్టర్ ఆధార్ కార్డు అడిగితే మార్తమ్మ కొంగు విప్పింది, ఉండలు తప్ప ఏమీ లేవు. "ఇంట్ల మర్చిపోయిన అయ్యా" అంది. ఆమె ముఖం చూసి కండక్టర్ ఇంకేమీ అనకుండా ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ చింపి చేతిలో పెట్టాడు.

బస్సు దేవరుప్పుల దాటింది. ప్రతి స్టేజీలో బస్సు ఆగుతోంది, జనం ఎక్కుతున్నారు. మార్తమ్మ ఫోన్ చేస్తూనే ఉంది. స్విచాఫ్. తనకు తాను సర్ది చెప్పుకుంటోంది. పోయినాక డాక్టరమ్మను పక్కకు పిలిచి చెవిలో చెప్పొచ్చు, ఒక్క మనిషికి చెబితే బయటపడ్డట్టు కాదు, పైనున్న బాపు కూడా తప్పనుకోడు. అలా లెక్కలు వేసుకుంటుండగా బస్సు ఆగిపోయింది.

జనగామ మార్కెట్ దగ్గర పత్తి బండ్లు రోడ్డు నిండా నిలబడి ఉన్నాయి. ట్రాక్టర్ల వెనక ట్రాక్టర్లు, మధ్యలో ఆటోలు. డ్రైవర్ ఇంజను ఆపేసి తల బయటపెట్టి చూశాడు. "ఇగ కదలదు" అన్నాడు. మార్తమ్మ దిగి నడుద్దామని లేచింది. అప్పుడు ఫోన్ మోగింది. రూప.

"అవ్వా, ఫోన్ చేసినవా? ఇప్పుడే ఛార్జింగు పెట్టిన. మేం ఇంటికి పోతున్నం, తమ్ముడు ఆటోల కూసున్నడు..."

"ఆగు! పోకుండ్రి! దింపు వాణ్ని!"

బస్సంతా వెనక్కి తిరిగింది. అందరూ తెలిసిన ముఖాలే. ఆ సీట్లో ఒకావిడ కొడుకుకు మార్తమ్మే మందు రాసింది. ఈ సీట్లో బుచ్చమ్మ, చెవులు రిక్కించి ఉంది.

"ఏమైందవ్వా? మంచిగనే ఉన్నడు గదా. ఆటో ఆయన తొందర చేస్తున్నడు..."

"డాక్టరమ్మ తాన్కి తీస్కపో! ఆకు కాదు బిడ్డా, నేను సగమే చెప్పిన!"

"మరేంది? సరిగ ఇనొస్తలేదు, గట్టిగ చెప్పు!"

మార్తమ్మ ఒకసారి బుచ్చమ్మ వైపు చూసింది. తర్వాత కళ్లు మూసుకుని, బస్సు అద్దాలు అదిరేలా అరిచింది.

"గురిగింజ! పచ్చి గురిగింజ పప్పు! తోలు తీసి నూరిన! చెప్పు డాక్టరమ్మకు, గురిగింజ అని చెప్పు!"

అవతల రూప కెవ్వుమంది. గురిగింజ విషమని తెలియనివాళ్లు ఆ పక్క ఎవరున్నారు? పేరు తెలిస్తే శ్రీపాల్ దాన్ని నాలుకకు కూడా తాకించేవాడు కాదు. "తమ్మీ దిగు, దిగురా!" అన్న రూప కేక వినిపించి ఫోన్ కట్టయింది.

బస్సులో ముందుగా బుచ్చమ్మే నోరు విప్పింది.

"గురిగింజనా? గింతేనా? మా కంచె నిండ గదే ఉన్నది గదనే!"

మార్తమ్మ ఆ మాట వినే స్థితిలో లేదు. బుచ్చమ్మ ఆమె ముఖం చూసి, వేళాకోళం మానేసి, చెయ్యి పట్టుకుని బస్సు దింపింది. ఇద్దరూ పత్తి బండ్ల సందుల్లోంచి దవాఖాన దాకా నడిచారు.

అప్పటికే శ్రీపాల్‌ను మళ్లీ మంచం ఎక్కించారు. డ్యూటీ డాక్టర్ ప్రియదర్శిని మార్తమ్మను చూడగానే తిట్టలేదు, ప్రశ్నలు మొదలుపెట్టింది.

"ఉడకబెట్టినవా అవ్వా, పచ్చిదేనా?"

"పచ్చిదే. ఎండల ఆరబెట్టిన."

"గింజ తోలు?"

"ఒలిచేస్త. గుర్తుపడ్తరని."

డాక్టర్ కలం పక్కన పెట్టింది. "ఆ తోలే అవ్వా విషానికి కావలి. గింజ గింజలెక్క మింగితే గట్టి తోలుంటది కాబట్టి చానాసార్లు అట్లనే బయటికి పోతది. నూరిన పప్పుకు ఆ కావలి లేదు. అందుల ఒక ప్రోటీన్ ఉన్నది. ఒంట్ల కణాలు బతకాల్నంటే వాటి ప్రోటీన్లు అవి తయారు చేసుకోవాలె. గా పనినే ఇది బంద్ పెడ్తది. బాగా మరిగిస్తే విరుగుతది గని ఎండకు విరగదు. వెంటనే ఏం కనబడదు, రెండో రోజో మూడో రోజో దెబ్బ కొడ్తది."

"విరుగుడు మందు?"

"లేదు. విషం పీల్చే బొగ్గు పొడి తాగించినం, సెలైన్ ఎక్కిస్తున్నం. ఇగ కనిపెట్టుకొని ఉండుడే." ఉండల మూట తీసుకుని పోతూ వెనక్కి తిరిగింది. "ఇందుల ఇంకేం కలిపినవో అన్నీ చెప్పు. ఈసారి సగం చెప్పకు."

మార్తమ్మ అన్నీ చెప్పింది. పుట్టమన్ను ఎంతో, పప్పు ఎంతో, పసరు ఎంతో. మన్ను వంతు ఎక్కువని విని డాక్టర్ కొంచెం తేలిగ్గా ఊపిరి తీసుకుంది. రాత్రి వాంతుల్లో చాలా వరకు పోయి ఉండొచ్చని రూపకు ధైర్యం చెప్పింది. కానీ మర్నాడు మేకపిల్లకు వచ్చినట్టే శ్రీపాల్‌కూ వచ్చింది. కడుపు మెలిపెట్టి, విరేచనంలో రక్తం పడింది. బీపీ పడిపోయింది. ముఖం సున్నం కొట్టినట్టయింది. ఆ వాంతులు మామూలువే అనుకుని ఇంట్లో పడుకోబెట్టి ఉంటే ఆ పూట దాటేవాడు కాదు. సెలైన్ సీసాలు మారుతూనే ఉన్నాయి. మార్తమ్మ వరండాలో గోడకానుకుని కూర్చుంది. రూప ఆమెతో మాట్లాడలేదు. స్రవంతి తండ్రి వచ్చి, ఆమెను ఎగాదిగా చూసి, కాండ్రించి ఉమ్మి వెళ్లాడు. ఆమె తుడుచుకోవాల్సినంత దగ్గరగా పడింది, అయినా అక్కడి నుంచి కదల్లేదు. ప్రార్థన చేద్దామనుకుంది కానీ, బైబిల్ మీద వేసిన ఒట్టు తప్పిన నోటితో ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు.

దవాఖానలో మూడో రోజు సాయంత్రం బీపీ నిలబడింది. ఆ తర్వాత రక్తం ఆగింది. శ్రీపాల్ గొంతు తడుపుకుని అడిగిన మొదటి మాట, "అక్కా, మొలిచిందా?" రూప ఏడుస్తూనే వాడి రెండో చెంప మీద ఒకటిచ్చింది. అప్పుడు లేచి బయటికొచ్చి, మార్తమ్మ పక్కన కూర్చుని, ఫ్లాస్కులోంచి చాయ పోసి చేతికిచ్చింది.

నిశ్చితార్థం వాయిదా పడి, తర్వాత జరిగింది. అప్పటికి గడ్డంలో వెంట్రుకలు వాటంతటవే వచ్చాయి. మందు రాయకపోయినా చాలామందికి అలా తిరిగి వస్తాయని ప్రియదర్శిని మార్తమ్మకు చెప్పింది. ఎంతమందికి తాను మొలిపించిందో, ఎంతమందికి వాటంతటవే మొలిచాయో ఇక తేలదు. ఉండలు చేయడం మానేసింది. నూరే రాయిని గొయ్యి తీసి పాతిపెట్టింది. ఇప్పుడెవరైనా వస్తే గుమ్మంలోనే చెబుతుంది: అది గురిగింజ, విషం, నా దగ్గర లేదు, చర్మం డాక్టరు దగ్గరికి పొండి. అయినా భూపాలపల్లి నుంచి ఇంకా వస్తున్నారు. బుచ్చమ్మ తన కంచెలోని గురిగింజ తీగను వేళ్లతో సహా పీకించింది.

శ్రీపాల్ మాత్రం చచ్చి బతికినవాడి దర్జాతో షాపులో కథలు చెబుతున్నాడు. మార్తమ్మ బస్సులోంచి వేసిన కేకకు యముడి దున్నపోతు బెదిరి పత్తి బండ్లలో పడి పారిపోయిందట. ఆ కేకకు దవాఖాన తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయట. ఆమె ఒక్క మాటతో చచ్చినవాణ్ని లేపిందని ఇప్పుడు జనగామ నుంచి మానుకోట దాకా పేరు. మొన్న ఒకరు వెళ్లి రోలు సంగతి, యముడి సంగతి అన్నీ వరసగా చెప్పి, ఇందులో నిజమెంత అని అడిగితే, మార్తమ్మ చేటలోని బియ్యంలో రాళ్లు ఏరుతూ, తల కూడా ఎత్తకుండా అంది:

"రోలు మీద మొలిచింది పాచి. వానకాలం మీ రోలు మీద గూడ మొలుస్తది. పిలగాణ్ని బతికించింది దవాఖానోళ్లు. నేను చేసింది ఒక్కటే, పేరు చెప్పిన. గది గూడ ఆలస్యంగ చెప్పిన."